సునీల తీసేసిన గొంతు

సునీల నోరు ఎంత పదునో సక్కుబాయికి బ్యాంకులో తెలిసింది. అప్పటికి ఆ పిల్ల వాళ్ళ ముందు గదిలో కిరాయికి దిగి రెండు వారాలు కూడా కాలేదు. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచిన ఏడాది, వానాకాలం. సక్కుబాయి పాసుబుక్కు పని మీద వరుసలో నిలబడింది, సునీల ఆమె వెనకాల. అందరికంటే ముందు, బస్టాండు దగ్గర ఫోను డబ్బా నడిపే మల్లేశ్వర్ ఉన్నాడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. ఏటీఎం కార్డు కావాలని కాగితం పట్టుకొచ్చాడు.

“నీకు ఇయ్యరాదయ్యా,” అన్నాడు గుమాస్తా. “ఇండ్ల ఏం రాసున్నదో నువ్వు చూడలేవు. రేపు ఏదన్న అయితే జిమ్మేదారి ఎవరిది?”

మల్లేశ్వర్ వెనక్కి తిరగబోయాడు. సునీల వరుస తప్పించుకుని ముందుకు వచ్చింది.

“సార్, పోయిన వారం ఈ పెద్దమ్మకు కార్డిచ్చిండ్రు గద. ఆ కాగితం ఇంగ్లీషుల ఉండె. ఈమె చదివిందా?”

“ఆమెకు కండ్లున్నయి.”

“కండ్ల సంగతి కాదు సార్, చదివిందా అని అడుగుతున్న. పెద్దమ్మా, నువ్వు ఆ కాగితం చూసినవా?”

సక్కుబాయి మూడో తరగతి దాకా చదివింది. ఆ మూడు తరగతులను ముప్ఫై మందికి చెప్పుకుని బతికిన మనిషి. నలుగురూ తన వైపు చూస్తుంటే తల ఎత్తి, “చూడకేం? చూసిన,” అన్నది.

“ఏముండె అండ్ల?”

“నల్లగ అక్షరాలుండె.”

వరుసంతా నవ్వింది. సునీల మాత్రం నవ్వలేదు. “ఈమె చూసింది, చదవలే. ఆయన చూడలే, చదవలే. ఇద్దరూ మీరు నోటితోని చెప్తే నమ్మి సంతకం పెట్టేటోళ్ళే. ఇగ ఫరకేంది సార్? ఆయనకియ్యకుంటే ఈమెది కూడ వాపసు తీసుకోండ్రి.”

గుమాస్తా మేనేజరు గదిలోకి పోయాడు. మేనేజరు బయటికి వచ్చి ఒకసారి మల్లేశ్వర్‌ని, రెండుసార్లు సునీలని చూసి, కాగితం తీసుకోమన్నాడు. అంతే, అరగంటలో పని అయిపోయింది.

ఇంటికి నడుస్తూ సక్కుబాయి కడిగేసింది. “నలుగుట్లె నా ఇజ్జత్ తీసినవు గదనే!”

“నీ ఇజ్జత్ తోనే గెలిచిన పెద్దమ్మా. నువ్వు అబద్ధమాడి చదివిన అంటే నేను ఓడిపోతుంటి.”

ఆ మాటకు సక్కుబాయికి కోపం పోలేదు గాని, ఆ పూట ఆ పిల్లకు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పంపింది. సక్కుబాయి ఎవరికైనా తొక్కు పంపిందంటే వాళ్ళు ఆమె లెక్కలోకి వచ్చినట్టే.

సునీలది పక్కనే కొత్వాల్‌గూడ. తండ్రి ప్రేమయ్య తోటపని చేసి, చర్చివాళ్ళ చేయూతతో కూతురిని కంప్యూటరు చదువు చదివించాడు. పగలు విమానాశ్రయం పక్కన సరుకుల కంపెనీలో ఉద్యోగం. ముప్ఫై దాటినా పెళ్ళి ఊసెత్తదు, ఎవరన్నా ఎత్తితే వాళ్ళ పెళ్ళి ఎట్లా ఏడ్చిందో అడుగుతుంది. పొద్దున్నే ఐదింటికి లేచి, ప్రభువు పాట ఒకటి గొంతులోనే పాడుకుంటూ కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఆ పనికి జీతం లేదు. చూపు లేనివాళ్ళ కోసం తెలుగు అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూడవచ్చు, మార్చి బాగు చేయవచ్చు. విశాఖపట్నంలో ఒకరు, బెంగుళూరులో ఒకరు, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో మార్పులు రాసి పంపేవారు. పంపినవాటిలో ఏది లోపలికి రావాలో, ఏది వాపసు పోవాలో తేల్చేది సునీల. దాని మూలప్రతి ఆమె చేతిలో ఉండేది.

“జీతం లేదంటివి, తాళంచెవి మాత్రం నీ బొడ్లెనే ఉన్నదేందే?” అని సక్కుబాయి ఒకసారి అడిగింది.

“మొదలు రాసింది నేను గద పెద్దమ్మా.”

“గట్లయితే సరే,” అన్నది సక్కుబాయి. మొదలు ఎవరిదైతే పెత్తనం వాళ్ళదే అన్న సంగతి ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ప్రోగ్రాం అయితే ఉంది, దానికి గొంతు లేదు. సునీల ఇద్దరు ముగ్గురి చేత చదివించి చూసింది, నచ్చలేదు. ఒకనాడు పనినుంచి వస్తూనే సక్కుబాయి ముందు చతికిలబడింది.

“నువ్వు గల్లీల కోడిని తరుముతుంటే బస్టాండ్ల దిగిన నాకు వినొచ్చింది పెద్దమ్మా. తిట్టిన తిట్టు అక్షరం అక్షరం తెలిసింది. నీ గొంతు నాకు కావాలె.”

సక్కుబాయి భర్త ఈశ్వరయ్య అరుగు మీద బీడీ కాలుస్తూ విన్నాడు. “నలభై ఏండ్ల సంది నేను వింటున్నది చాలదా బిడ్డా? ఇగ లోకమంతా వినాల్నా?” అన్నాడు. ఆ పూట అతనికి కూరలో ఉప్పు పడలేదు.

ముందు గది కిటికీలకు బొంతలు కట్టారు. సక్కుబాయి మైకు ముందు కూర్చుని క, కా, కి, కీ అంటూ గుణింతమంతా, ఒత్తులన్నీ, వేల ముక్కలు చదివింది. విమానం వచ్చినప్పుడల్లా సునీల చెయ్యెత్తేది, సక్కుబాయి నోరు మూసేది. విమానం పోయాక మళ్ళీ మొదలు. మూడు నెలలు పట్టింది. ఆ ముక్కలను సునీల రాసిన ప్రోగ్రాం ఒకదాని పక్కన ఒకటి పెట్టి, బొంత కుట్టినట్టు కుట్టి మాటలు చేసేది. కుట్లు తెలిసేవి. అయినా మాట తెలిసేది.

చిత్రమేమిటంటే నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయాలి. వాక్యం అయిపోయిన చోట ఒక్క క్షణం ఖాళీ ఉండాలి కదా, ఆ ఖాళీ ముక్క కూడా అదే గదిలో తీయాలని సునీల పట్టు పట్టింది. విమానం లేని వేళ చూసి తీసింది. అందులో పెరటి కోడి ఒకటి చిన్నగా “కొక్” అన్న సంగతి ఆమె చవక హెడ్‌ఫోనులో వినపడనే లేదు. ప్రోగ్రాం బయటికి పోయాక మొదట పట్టుకున్నవాడు మల్లేశ్వర్.

“అక్కా, ప్రతి వాక్యం కాడ కోడి అంటున్నది!”

సునీల నెత్తి కొట్టుకుని తీసేయబోయింది. వినేవాళ్ళే వద్దన్నారు. చూపు లేనివాళ్ళు ప్రోగ్రామును మనం ఊహించలేనంత వేగంగా తిప్పి వింటారు. ఆ వేగంలో వాక్యం ఎక్కడ ముగిసిందో కోడి చెబుతోందని వాళ్ళు అలవాటు పడిపోయారు. అలా ఉండిపోయింది.

ఆ గొంతుకు సునీల “సక్కు” అని పేరు పెట్టింది. ఇక సక్కుబాయి కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఉత్తరాలు సునీల చేత చదివించుకునేది. సక్కు ఈ రోజు పేపరంతా చదివి పెట్టిందని కరీంనగర్ నుంచి ఒకావిడ. సక్కు యాస కొంచెం తగ్గిస్తే బాగుంటుందని గుంటూరు నుంచి ఒకాయన.

“ఆయనను వచ్చి మూడు నెలలు బొంతల కింద కూసోమను. అప్పుడు ఆయన యాసనే పెడదాం,” అన్నది సక్కుబాయి. సునీల ఆ జవాబును ఉన్నదున్నట్టు పంపింది.

నాలుగేళ్ళు అలా సాగింది. ఆ తర్వాత పూర్ణిమ వచ్చింది.

బడంగ్‌పేట్‌లో కొత్త కాలనీ పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. ముందు మెయిలులో వచ్చింది, ఆ తర్వాత మనిషే వచ్చింది. చెప్పులు గడప బయట జతగా పెట్టింది. “నమస్కారం అమ్మమ్మగారూ! మీ గొంతు వింటూనే ఈ పని నేర్చుకున్నాను నేను,” అని కాళ్ళకు వంగింది. సక్కుబాయికి అమ్మమ్మ అనిపించుకునే వయసు ఎప్పుడో వచ్చింది గాని, ఆ మాట మనవరాలు కాని పిల్ల నోట వినాలని మాత్రం లేదు.

పూర్ణిమ కంప్యూటరు తెరిచి ఒక మీట నొక్కింది. ఒక గొంతు పేపరు చదవసాగింది. కుట్టు లేదు, గతుకు లేదు. తోటలో కాలువ విడిచినట్టు పోతోంది. గొంతు ఆ పిల్లదే.

“ముక్కలు అతికించడం లేదండీ,” అంటూ ఆమె సునీలకు చెప్పింది. “మనిషి చదివిన వాక్యాలు వినిపిస్తే ప్రోగ్రామే చదవడం నేర్చుకుంటుంది. ప్రస్తుతానికి నా గొంతే ఇచ్చాను. పాత భాగం మొత్తం తీసేసి దీన్ని పెట్టొచ్చు. మీరు ఊ అంటే.”

పాత భాగం మొత్తం. అంటే సునీల రాసిన కుట్టుపని, సక్కుబాయి చదివిన గుణింతం, రెండూ ఒక్క దెబ్బకు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ముక్కు మీద కళ్ళజోడు కూడా సరిగా నిలవని పిల్ల, ఇద్దరినీ ఇంట్లోంచి సాగనంపడానికి వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. సక్కుబాయి లేచి పోయి చాయ్ పెట్టింది. మూడు గ్లాసుల్లో రెండింట్లోనే యాలకులు వేసింది.

“మంచిగున్నది,” అన్నది సునీల. “చూసి చెప్తా.”

ఆమె చూసింది. చూసి వాపసు పంపింది. కోడి లేదు, వాక్యం ఎక్కడ ముగిసిందో వినేవాళ్ళకు తెలియదు, అని రాసింది. అంకెలు చదివేటప్పుడు తడబడుతోంది అన్నది. వారం తిరగకుండా పూర్ణిమ సరిచేసి పంపింది. సునీల ఇంకో ఐదు తప్పులు రాసింది. అవీ సరిచేసి వచ్చాయి. ఇంకో ఆరు.

సునీల లోపల ఏముందో ఎవరూ చెప్పకుండానే సక్కుబాయికి తెలిసిపోయింది. తన కడుపులో ఉన్నదే పక్కవాళ్ళ కడుపులో ఉంటే దాని వాసన రాదా? పొద్దున ఐదింటికి ఆమె కూడా లేచి, చాయ్ గ్లాసు పట్టుకుని ముందు గదిలో కూర్చునేది. పూర్ణిమ గొంతు వినేది. విని తప్పులు అందించేది.

“జొన్న అన్నప్పుడు చూడు. నోట్లె జొన్న ఎన్నడూ పడనట్టు అంటున్నది.”

“రాసిన.”

“చావు వార్త, పెండ్లి వార్త ఒక్క తీరుగనే చదువుతున్నది. బడిల హాజరు పిలిచినట్టు.”

“అది నిజమే పెద్దమ్మా,” అని సునీల అదీ రాసింది.

“మనిషి కూడ గంతే. మొన్న వచ్చినప్పుడు ఇంత పెద్ద అల్లిక సంచి వేసుకొచ్చింది, లోపలేమో ఒక్క డబ్బా. ఎవరిని మురిపిద్దామని?”

“సంచి సంగతి రాయరాదు పెద్దమ్మా.”

“రాయరాదని నాకెరుకనే. చెప్తున్న, అంతే.”

ఇద్దరూ నవ్వుకునేవారు. నాలుగేళ్ళలో ఎన్నడూ లేనంత దగ్గరయ్యారు ఆ ఎనిమిది నెలల్లో. సక్కుబాయికి ఆ పొద్దుటి పూటలు పండగలా ఉండేవి. సునీల మాత్రం పాట పాడడం మానేసింది. సక్కుబాయి అది గమనించి కూడా అడగలేదు. అడిగితే ఆ తప్పుల పని ఎక్కడ ఆగిపోతుందోనని.

ఎండాకాలం మొదట్లో, ఆదివారం పొద్దున, మల్లేశ్వర్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు. అందరి చేతుల్లోకి సెల్లు రావడంతో అతని ఫోను డబ్బా రెండేళ్ళ కిందటే మూతపడింది. ఇప్పుడు సిటీలో చూపు లేనివాళ్ళకు చదువు చెప్పే చోట చేరి, టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుతున్నాడు. అక్కడ అతనిలాంటి వాళ్ళు ఇరవై మంది. సునీల ఊ అన్న ప్రోగ్రామునే అక్కడి కంప్యూటర్లలో పెడతారు.

“అక్కా, కొత్తది ఎప్పుడిస్తవు?” అన్నాడు, కూర్చోకుండానే.

“ఇంక తప్పులున్నయి మల్లేశ్వర్.”

“పాతది ఇరవై పేజీలకోసారి బంద్ పడుతున్నది. ఆ కొత్త కంప్యూటర్ల మీద దానికి ఊపిరాడతలేదు. మళ్ళ మొదలు పెట్టుడు, మళ్ళ వెతుకుడు. పరీక్ష ఇంక నలభై దినాలే. నేను బడంగ్‌పేట పోయి పూర్ణిమమ్మ ఇంట్ల కూసోని విన్న. చరిత్ర పాఠం మొదటికెంచి చివరిదాక ఒక్క కూసుడుల విన్న. ఒక్కసారి ఆగలే.”

“కోడి లేదు గద అండ్ల,” అన్నది సక్కుబాయి గడపలోంచి. “వాక్యం అయిపోయింది నీకెట్ల తెలిసింది?”

“చిన్న టిక్కు అంటదమ్మా. నేను చెప్పిన దినమే పెట్టింది ఆ పిల్ల. ఏమక్కా, ఏం తప్పులున్నయో జర చదువు. నేను కూడ వింట.”

సునీల ఆలస్యం చేసింది. మల్లేశ్వర్ కదల్లేదు. చివరికి ఆమె తప్పుల జాబితా తెరిచి చదివింది. ఒకటి, రెండు, మూడు వినేదాకా అతను తల ఊపాడు. జొన్న దగ్గరికి వచ్చేసరికి నవ్వాడు. ఇంకో నాలుగు విన్నాక నవ్వు పోయింది.

“అక్కా, ఇది తప్పుల లెక్క లేదు. సవతుల పంచాయితీ లెక్కున్నది.”

“నోరు జాగ్రత!” అన్నది సక్కుబాయి. “నీకు కార్డిప్పించింది ఎవరు? నాలుగేండ్లు నీ చెవుల చదివింది ఎవరు? గిప్పుడు ఎవతో పిల్ల గొంతు తియ్యగుందని వచ్చి మమ్మల్ని సవతులంటవా?”

“నీ మీద నాకేం కోపం లేదమ్మా. నీ గొంతు లేకుంటే నేను ఫోను డబ్బాలనే ఉంటుంటి. కానీ ఇరవై మందిమి ఉన్నం. మా చదువు మీ ఇద్దరి కోపం కాడ ఆగిపోయింది. నేను అడిగేది అదొక్కటే.”

అతను కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు. సక్కుబాయి వాకిలి దాకా వెంటపడి ఇంకో నాలుగు మాటలు అందామనుకుంది. ఎందుకో మాట దొరకలేదు. ఆమెకు మాట దొరకకపోవడం పెళ్ళయిన నాటి నుంచి అదే మొదటిసారి అని అరుగు మీద ఈశ్వరయ్య అనుకునే ఉంటాడు. పైకి అనలేదు.

లోపలికి వచ్చేసరికి సునీల పాత ప్రోగ్రాం తెరిచి కూర్చుంది. తెర మీద వరసలు వరసలుగా ఇంగ్లీషు, మధ్య మధ్య తెలుగు ముక్కలు. తనకు తాను గుర్తుగా రాసుకున్నవి.

“ఏం రాసినవు అండ్ల?”

“గీడ చూడు. పెద్దమ్మ గొంతు ఈ రోజు బొంగురుపోయింది, రేపు మళ్ళ తీయాలె, అని. ఇదేమో, ఈ అతుకుడు తాత్కాలికం, మంచి మార్గం దొరికినంక తీసేయాలె, అని. ఏ ఏడాది రాసిననో చూడు.”

ఆ తేదీ చూసి సక్కుబాయి అంకెలు కూడబలుక్కుంది. ఐదేళ్ళ కిందటిది.

“ఆ పిల్ల తెచ్చింది నేను రాద్దామనుకున్నదే పెద్దమ్మా. రెండుసార్లు మొదలు పెట్టిన. నాతోని కాలే. ఆమెతోని ఏడాదిల అయింది. మొదటి దినం విన్నప్పుడే నాకు తెలుసు, ఇది లోపలికి రావాల్సిందని. ఎనిమిది నెలల సంది తెల్సి కూడ నేను తలుపు మూసి పట్టుకున్న.” సునీల బ్యాంకులో గుమాస్తాతో మాట్లాడినట్టే మాట్లాడింది, ఈసారి తనతోనే. “ఆయన అన్నది నిజం. ఇది సవతి కుళ్ళు.”

“నాకు లేదా? నాకు నీకన్న ఎక్కువున్నది,” అన్నది సక్కుబాయి. కుళ్ళులో కూడా వెనకబడడం ఆమెకు ఇష్టం లేదు.

సునీల కొంచెం నవ్వి, మళ్ళీ తెర వైపు తిరిగింది. అరగంట సేపు ఏదో కొట్టింది. అందరికీ ఉత్తరం రాస్తున్నానని చెప్పింది. పాత భాగం తీసేస్తున్నాను, దాని చోట పూర్ణిమది వస్తుంది, ఇన్నాళ్ళు ఆలస్యమైంది నా వల్లే, అని. ఆ చివరి మాట చదివి వినిపించినప్పుడు సక్కుబాయి అడ్డం పడింది.

“గది ఎందుకే? తీసేస్తున్న అంటే చాలదా? మంది ముంగట నీ ఇజ్జత్ నువ్వే తీసుకునుడేంది?”

“ఆ పిల్ల ఎనిమిది నెలలు తనదే తప్పనుకున్నది పెద్దమ్మా. ఆమెకు ఎరుక కావాలె.”

ఉత్తరం పోయింది. సక్కుబాయి మంచం పట్టె మీద కూర్చుంది.

“ఇగ నా గొంతు పోయినట్టేనా?”

“కొత్తదాంట్ల ఉండదు. పాతవి దాచే జాగల ఉంటది. ఎవరన్న అడిగితే దొరుకుతది.”

“ఎవరడుగుతరు? కాలువ పారుతుంటే చేదబాయి కాడికి ఎవడొస్తడు?” సక్కుబాయి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపు కాదు, చెమటే, ఎండాకాలం కదా. “ఇగ గుంటూరాయన మస్తు ఖుషీ అయితడు.”

సునీల కుర్చీ తిప్పి ఆమెకు ఎదురుగా జరిగింది. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా.

“పెద్దమ్మా, ఒక పనున్నది. ఆ పిల్ల ఇప్పటిదాక తొమ్మిది వందల వాక్యాలే చదివింది. ఆ గొంతు ఇంక బాగుపడాలంటే ఇంకో రెండు వేలు చదవాలె. చావు, పెండ్లి ఒక్క తీరుగ చదువుతున్నది అంటివి, అది మాత్రం నిజంగ తప్పే. ఆమెకు చెప్పేటోళ్ళు లేరు. ఇంగ్లీషు బడిల చదివింది, తెలుగు పైకి చదివే అలవాటు లేదు. నేను చెప్పలేను. నేను నోరు తెరిస్తే మళ్ళ కుళ్ళే వస్తది.”

“నా నోట్లె తేనె వస్తదా?”

“రాదు. నీకు కుళ్ళున్నా చెవి ఉన్నది.” సునీల ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “సోమారం సంది పొద్దుగాల వస్తది. నువ్వు ఎదురుంగ కూసో. ఎక్కడ ఊపిరి తీసుకోవాల్నో చెప్పు, ఎక్కడ గొంతు దించాల్నో చెప్పు. తప్పు చదివితే ఆపు, తిట్టు, మళ్ళ చదివించు. బాగ చదివినప్పుడు మాత్రం, పెద్దమ్మా, నా లెక్క వెతికి వెతికి తప్పు తీయకు. బాగుందని పైకి చెప్పు.”